వరద దాటిన కొమ్ములు

మా స్కూల్లో లెక్కల మాస్టారు గోవా కార్నివాల్ చూసొచ్చి స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఫోటోల ఆల్బమ్ పెట్టిన రోజున ఈ ప్రయాణానికి బీజం పడింది. ముసుగులు, రంగులు, బండ్ల మీద బొమ్మలు, వీధి నిండా జనం. "చలికాలంలో వీధుల్లో ఇంత సంబరం మన జిల్లాలో ఎక్కడుంటుంది మేడమ్? మనకున్నదల్లా ఎండలే" అన్నారాయన. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండింది. "భద్రాచలంలో ముక్కోటికి ముందు పది రోజులూ వీధుల్లో ఊరేగింపులే. రోజుకో అవతారం. ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను. ఆయన తాపీగా పేజీ తిప్పుతూ "మీరు చూశారా?" అన్నారు. చూడలేదు. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో పదకొండేళ్ళుగా కాపురముంటూ మూడున్నర గంటల దూరంలో ఉన్న పండుగను నేను ఒక్కసారీ చూడలేదు. తొమ్మిదో తరగతికి సోషల్ చెప్పే మనిషిని. నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేని పని. ఆ రోజు మాత్రం కూర్చున్నాను.

ఆ ఏడు, అంటే 2007లో, ముక్కోటి డిసెంబరులోనే వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, తెప్పోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం రెండింటికి ఖమ్మం బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు అరవై రూపాయలకు అటూ ఇటూగా ఉంది. కొత్తగూడెం దాకా కూర్చోవడానికి సీటు దొరికింది. అక్కడ బొగ్గు గనుల కాలనీల నుంచి కోలాట బృందాలు ఎక్కాయి. ఒకే రంగు చీరలు కట్టుకున్న పాతిక మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చంకలో కోలల సంచి. ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురం అయ్యాం. పాల్వంచ దాటేదాకా నా చెవి పక్కనే రెండు కోలలు టకటకలాడుతూనే ఉన్నాయి. "ఏమనుకోకు అక్కా, మూడో అడుగు మా దానికి ఇంకా పట్టుబడలె" అంది ఒకావిడ. ముక్కోటి రోజుల్లో భద్రాచలంలో లాడ్జి కోసం తిరగడం తెలివితక్కువ పని, మామూలు రోజు రెండువందల గదికి వెయ్యి చెబుతారు. అందుకని నేను గోదావరికి ఇవతలే, సారపాకలో దిగాను. నా చిన్ననాటి స్నేహితురాలు సుజాత భర్తకు అక్కడి మిల్లులో ఉద్యోగం, క్వార్టర్స్‌లో ఉంటారు.

రాత్రి భోజనాల దగ్గర సుజాత చెప్పింది. ఊరేగింపులో కోలాటాలకంటే చూడాల్సింది కోయవాళ్ళ కొమ్ము నాట్యమని, తలకు కొమ్ములు కట్టుకుని, మెడలో పెద్ద డోలు వేసుకుని, అడవిదున్నల్లా ఆడతారని. వాళ్ళ వీధిలో ఉండే యాకూబ్ అనే డ్రైవరు ఏటా ఒక ఊరి బృందాన్ని తన జీపులో తీసుకొస్తాడట. "పొద్దున్నే ఖాళీ బండితో పోతాడు, నువ్వూ పో. అడవి చూసినట్టూ ఉంటుంది" అంది. అంతకన్నా ఏం కావాలి? యాకూబ్‌తో మాట్లాడాం. రానూపోనూ నా వంతు కిరాయి నూట యాభై. ఒక్కటే షరతు పెట్టాడు. "మేడమ్, వచ్చేటప్పుడు బండిల పద్నాలుగు మంది ఉంటరు. ముందు సీటు మీదే గానీ, ఒళ్ళో ఎవరి డోలన్న పెట్టుకోవాలె." నేను సరేనన్నాను.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. సారపాక సెంటర్లో పొగలు కక్కే పూరీలు తిన్నాం, ప్లేటు పది రూపాయలు. పూరీలు వేస్తున్న పెద్దావిడ నా స్వెట్టరు చూసి "ఖమ్మం నుంచా? మీకు చలంటే ఏందో ఇయ్యాల తెలుస్తది" అని నవ్వింది. తెలిసింది కూడా. వంతెన మీద గోదావరి కనిపించలేదు, మంచు మాత్రమే కనిపించింది. భద్రాచలం దాటి చర్ల రోడ్డు పట్టాక జీపుకు కిటికీలు లేవన్న సంగతి నా చెవులకు బాగా అర్థమైంది. గంట తర్వాత తారు రోడ్డు వదిలి, టేకు చెట్ల మధ్య నుంచి ఎర్రమట్టి దారిలోకి దిగాం. రెండు వాగులు దాటి ఎనిమిదిన్నరకు ఊరు చేరాం. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. మనుషుల పేర్లు కూడా నేను మార్చినవే.

పాతిక ఇళ్ళుంటాయి. వాకిళ్ళలో మంటలు, మంటల చుట్టూ డోళ్ళు. చర్మం బిగియడానికి డోళ్ళను అలా సెగకు పెడతారట. నన్ను చూసి ఒక పాతికేళ్ళ అమ్మాయి గిన్నెలో వేడివేడి జావ తెచ్చిచ్చింది. పేరు బుచ్చమ్మ. ఆమె భర్త భీమయ్య బృందంలో డోలు వాయిస్తాడు, మాటకారి. తన కొమ్ముల కిరీటం తెచ్చి నాకు చూపించాడు. వెదురు చట్రం, దానికి నెమలి ఈకల కుచ్చు, ముఖం మీదికి గవ్వల తెర, రెండు పక్కలా ఎద్దు కొమ్ములు. "ఇది ఎద్దుది టీచరమ్మా, మా అందరియి ఎద్దుయే. అసలు కొమ్ములు మా మామయి" అని చేయి చూపించాడు.

ఆ మామ, అంటే బుచ్చమ్మ తండ్రి జోగయ్య, అప్పుడే ఇంట్లోంచి వస్తున్నాడు. అరవై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. రెండు చేతుల మీద తెల్లగుడ్డ మూట. మంట దగ్గర కూర్చుని మూట విప్పాడు. నల్లగా నిగనిగలాడే రెండు కొమ్ములు, బారెడు వెడల్పు, చివర్లకు ఇత్తడి తొడుగులు. ముందు కాస్త ఇప్పసారా నేలమీద చిలకరించి, సాంబ్రాణి పొగ పట్టి, అప్పుడు ఈకలు సర్దడం మొదలుపెట్టాడు. నేను వంగి చేయి చాపబోయాను. బుచ్చమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ముట్టద్దు అక్కా. కట్టేటాయన తప్ప ఎవ్వరు ముట్టరు. నేను గూడ ఎన్నడు ముట్టలె." జోగయ్య తల ఎత్తలేదు.

కథ భీమయ్యే చెప్పాడు. "అడవిదున్న కొమ్ములు ఇయ్యి. మా మామ వాళ్ళ ముత్తాత కాలంనాటియి. చుట్టుపక్కల ఏ ఊర్ల లేవు. ఎనభై ఆరు వరద ఇన్నరు గదా? ఇండ్లు పోయినయ్, గొడ్లు పోయినయ్. ఈ కొమ్ములకు మాత్రం సుక్క నీళ్ళంటలె. మా మామ గుట్ట మీదికి తెచ్చిండు. వరద దాటిన కొమ్ములంటరు. ఇయ్యి ముందు నడవకుంటే మా డోలు మోగది." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను నోటుబుక్కు తీసి రాసుకున్నాను: నాలుగు తరాలు, అడవిదున్న, వరద. జోగయ్యను కూడా ఏదైనా చెప్పమన్నాను. ఆయన ఈకల వైపే చూస్తూ "వాడు జెప్పిండు గదా" అన్నాడు. ఎంత నిగర్వి అనుకున్నాను. నా తెలివి అలా ఉంటుంది.

అన్నం తిని, పూజ ముగించి, అందరూ ఎక్కేసరికి ఒకటిన్నర కావచ్చింది. నాలుగింటికి గుడి దగ్గర ఊరేగింపు కదులుతుంది, మూడున్నరకల్లా వరుసలో ఉండాలి. జోగయ్య ముందు సీట్లోనే నా పక్కన కూర్చున్నాడు, ఒళ్ళో మూట. నా ఒళ్ళో భీమయ్య డోలు. వెనక ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. నాకు కోయ భాష రాదు గానీ, ఎవర్నో ఆటపట్టిస్తున్న పాట అని నవ్వుల్ని బట్టి తెలిసింది. బహుశా నన్నే.

తారు రోడ్డు ఎక్కాక కొంత దూరంలో అటవీ శాఖ చెక్‌పోస్టు. పొద్దున ఖాళీ బండి కాబట్టి మమ్మల్ని పట్టించుకోలేదు. ఇప్పుడు గేటు పడింది. బయట బల్ల వేసుకుని ఒక ఆఫీసరు కూర్చుని ఉన్నారు, కొత్తగా బదిలీ మీద వచ్చినట్టున్నారు. ఒక గార్డు వచ్చి తొంగిచూశాడు. "ఏం సామాను?" యాకూబ్ దిగకుండానే "తెప్పోత్సవానికి డ్యాన్సోళ్ళు సార్. డోళ్ళు, కిరీటాలు" అన్నాడు. గార్డు వెనక్కి చూశాడు, ఆఫీసరు తలూపబోయారు. గేటు తాడు మీద గార్డు చేయి కూడా పడింది. ఆ ఒక్క క్షణం నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

"మామూలు కిరీటాలు కావండి" అన్నాను నేను. "ఆ మూటలోవి అసలైన అడవిదున్న కొమ్ములు. నాలుగు తరాల నుంచి వస్తున్నాయి. జిల్లాలోనే అరుదు." పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, అందరికీ వినబడేలా అన్నాను. వాళ్ళ గొప్పతనం గవర్నమెంటు వాళ్ళకు తెలియాలని నా తాపత్రయం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను ఎవరూ అడగలేదు.

వెనక పాట ఆగిపోయింది. యాకూబ్ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆఫీసరు లేచి వచ్చారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఏటా జనవరిలో నేనే చెబుతాను ఆ పాఠం. అడవిదున్న, పులి, ఏనుగు, వాటి చర్మం, గోళ్ళు, కొమ్ములు ఏవి దగ్గరున్నా నేరం అని బోర్డు మీద నేనే రాయిస్తాను. అంత చలిలోనూ నా వీపు చెమటతో తడిసింది. నోరా వీపుకు తేకే అని సామెత. నా నోరు నా వీపుకు తెచ్చినా బాధ లేదు, పక్కన కూర్చున్న ముసలాయన వీపుకు తెచ్చింది.

"దించండి" అన్నారు ఆఫీసరు. ఆయన మర్యాదస్థుడే, కేక వేయలేదు. "చూడు తాతా, ఎద్దు కొమ్ములైతే నాకేం పనిలేదు. రాలిన నెమలీకలకూ నేను అడ్డు చెప్పను. అడవిదున్నదంటే మాత్రం నేను వదల్లేను. నలుగురి ముందు చెప్పింది కదా ఈవిడ. సామాను ఇక్కడ పెట్టాలి, నీ పేరున కేసు రాయాలి." భీమయ్య కిందికి దూకాడు. "సార్, మా తాతలు సంపిన దున్న అది. మేం సంపినమా? అయ్యి లేకుంటే మేం ఆడం సార్. పండుగ పూట గిట్ల జేస్తరా?" ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. అప్పటికి టైము రెండున్నర. నేను ఏదో సర్దిచెప్పబోయాను, "అంటే నా ఉద్దేశం" అని. భీమయ్య నా వైపు చూసిన చూపుకు రెండడుగులు వెనక్కి వేశాను.

జోగయ్య మూటతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గార్డు అందుకోబోతే ఇవ్వలేదు, తానే బల్ల మీద పెట్టి విప్పాడు. చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి బుచ్చమ్మను చూశాడు. ఇటు తిరిగి అన్నాడు. "సారూ, ఇయ్యి కొమ్ములు గావు. కర్ర. తునికి చేవ. నేనే చెక్కిన."

ఎవరికీ అర్థం కాలేదు. తునికి చెట్టంటే ఈ ప్రాంతంలో బీడీ ఆకుల చెట్టు. దాని చేవ, అంటే మాను మధ్య భాగం, నల్లగా ఉంటుందని నాకు తెలుసు. అయినా ఆ మాట నా బుర్రలోకి ఎక్కలేదు. భీమయ్య "మామా, అబద్ధమాడకు, నేను మాట్లాడుత" అన్నాడు. కేసు తప్పించుకోవడానికి ముసలాయన వేసిన ఎత్తనుకున్నాడు. ఆఫీసరు కూడా అలాగే అనుకున్నారు. "నన్ను పిచ్చోణ్ణి చెయ్యకు తాతా. పట్టి చూస్తే తెలిసిపోతుంది." గార్డు దగ్గర పిన్నీసు తీసుకుని, లైటరుతో దాని మొనను ఎర్రగా కాల్చారు. "కొమ్మైతే వెంట్రుకలు కాలిన వాసనొస్తుంది" అని చెప్పి, ఇత్తడి తొడుగు పక్కన గుచ్చారు. చిన్న పొగ లేచింది. ఆఫీసరు వాసన చూశారు, గార్డు చూశాడు, నేనూ ముక్కు పెట్టాను. పొయ్యిలో పుల్ల అంటుకున్న వాసన. కర్ర. అచ్చంగా కర్ర.

భీమయ్య ముఖం చూడలేకపోయాను. పొద్దున మంట దగ్గర అతను చెప్పిన కథ నా నోటుబుక్కులో ఉంది, వాళ్ళ ఊరందరి నోళ్ళలో ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఉంది.

"మరి అసలువి ఏమయ్యాయి?" అన్నారు ఆఫీసరు, గొంతు తగ్గించి.

"గోదారి తీస్కపోయింది" అన్నాడు జోగయ్య. నిలబడే చెప్పాడు, ఆఫీసరుకే చెబుతున్నట్టు. "నీళ్ళొచ్చిన నాడు మా అయ్య ముసలోళ్ళను తోల్కొని ముందుగాల గుట్టెక్కిండు. కొమ్ములు పైలం, నువ్వు తీస్కరా అన్నడు. నా పెండ్లాం మేకలను తోలుకపోయింది. పిల్లకు జొరం, నా కాడ పండుకోబెట్టి పోయింది. నేను లేసేటాల్లకు వాగు రొమ్ముల దాక వచ్చింది. చెట్టుకు చెట్టుకు తాడు కట్టి ఉంది. ఒక చెయ్యి తాడుకు, ఒక చెయ్యి పిల్లకు. మూడో చెయ్యి యాడ తెస్త సారూ? మల్ల పోదమని తిరిగి చూస్తే ఇల్లే లేదు."

"ఆ మాటే మీ నాయనకు చెప్పలేకపోయావా?"

"చెప్తే ఏమంటరు? నన్ను నాలుగు తిడుదురు, పడుదును. పిల్లను అంటరు సారూ. కొమ్ములు పోగొట్టిన పిల్ల అని సచ్చేదాక అంటరు. ఊర్ల ఒక వాన పడకున్న, ఒక గొడ్డు సచ్చిన, దీని మొఖమే చూస్తరు. అందుకే తెచ్చిన, రాళ్ళ సందుల దాచిన అన్న. ఎవ్వరు ముట్టద్దు గదా, అదే కలిసొచ్చింది. మల్ల ముక్కోటి దాక అడవిల గూసొని చెక్కిన. మా అయ్య ఇయ్యే అసలు కొమ్ములనుకొని సచ్చిపోయిండు."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. ఆడవాళ్ళ వరుసలో బుచ్చమ్మ ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె ఆ కొమ్ముల వెనకే నడిచింది, ఆ కథ వింటూ పెరిగింది. తాను ఆ కథలో ఉన్నట్టు ఆమెకు ఆ రోజు రెండున్నరకు ఒక చెక్‌పోస్టు దగ్గర తెలిసింది. అదీ నా పుణ్యాన. జోగయ్య ఆమె వైపు చూడకుండా కింద నేల చూస్తున్నాడు. కేసు పోయింది గానీ, ఆయన భయపడింది కేసుకు కాదని అప్పుడు తెలిసింది నాకు.

బుచ్చమ్మ కదిలింది. సరాసరి బల్ల దగ్గరికొచ్చి రెండు చేతులతో ఆ కొమ్ముల కిరీటం ఎత్తింది. అలవాటు కొద్దీ భీమయ్య "బుచ్చీ, ముట్టద్దు" అన్నాడు.

"కర్రే గదా" అంది ఆమె. తండ్రి చేతుల్లో పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. "ఎక్కు నాయినా. యాల్లయితాంది."

తునికి చెట్టు ఎక్కడ కొట్టావని ఆఫీసరు అడగలేదు, అడగాల్సిన మాటే అయినా. గేటు ఎత్తించారు.

బండి కదిలింది. నేను జోగయ్యను క్షమించమని అడిగాను. ఎలా అడగాలో తెలియక రెండు మూడు సార్లు అడిగాను. ఆయన "నువ్వు అనకపోతే ఈ మాట నాతోటే మట్టిలకు పోవు" అన్నాడు. అది మంచికన్నాడో చెడుకన్నాడో ఇప్పటికీ నాకు తేలలేదు. వెనక నుంచి భీమయ్య ఒక్కటే మాట అన్నాడు. "ఊరికి ఏమని చెప్పాలె మామా?" జోగయ్య ఒళ్ళోని కొమ్ములకు తెల్లగుడ్డ చుట్టసాగాడు. బుచ్చమ్మ వాళ్ళ భాషలో ఏదో అంది.

మూడు నలభైకి భద్రాచలం చేరాం. జీపు బ్రిడ్జి సెంటర్ దగ్గరే ఆపేశారు, అక్కడి నుంచి నడక. వీధులు నేను ఊహించినదానికి పది రెట్లు. నా బస్సులో వచ్చిన కోలాటం ఆడవాళ్ళు కనిపించారు, మూడో అడుగు కుదిరినట్టే ఉంది. హనుమంతుడి వేషాలు, భజన బృందాలు, తాళాలు, సన్నాయి, మేడల మీద నుంచి పూలు చల్లే జనం. నాలుగున్నరకు గుడి మెట్ల మీద నుంచి స్వామి పల్లకి దిగింది. లెక్కల మాస్టారి ఆల్బమ్ మొత్తం ఆ ఒక్క వీధి మలుపులో పట్టేస్తుంది. వేరే రోజైతే నేను ఈ పేరా రెండు పేజీలు రాసేదాన్ని. ఆ రోజు నా కళ్ళు కొమ్ముల మీదే ఉన్నాయి.

వాళ్ళు ఆడతారా లేదా అన్నదే నా భయం. పెద్ద కొమ్ములు ముందు నడవకపోతే డోలు మోగదని పొద్దున చెప్పింది భీమయ్యే. ఇప్పుడా కొమ్ములు కర్రవని తెలిసిన భీమయ్య డోలు మెడలో వేసుకుని, కర్ర పైకెత్తి, కొట్టకుండా నిలబడ్డాడు. వెనక బృందాలవాళ్ళు కదలమని అరుస్తున్నారు. జోగయ్య కిరీటం కట్టుకుని ముందు నిలబడ్డాడు గానీ అడుగు వేయడం లేదు. చివరికి బుచ్చమ్మే ఆడవాళ్ళ వరుసను ముందుకు లాగి, గజ్జెల కర్ర నేలకేసి కొట్టింది. రెండోసారి, మూడోసారి కొట్టింది. నాలుగో దెబ్బకు భీమయ్య డోలు అందుకుంది. ఆ తర్వాత మిగతా డోళ్ళన్నీ.

అడవిదున్నలు తలపడినట్టు మగవాళ్ళు ఇద్దరిద్దరు ఎదురై కొమ్ములతో కుమ్ముకుంటారు ఈ ఆటలో. గోదావరి ఘాట్ కనబడే చోట ఆ ఘట్టం మొదలైంది. జోగయ్య ఎప్పటిలాగే పక్కకు తప్పుకుంటాడనుకున్నారట అందరూ. నా పక్కన నిలబడ్డ యాకూబ్ ఉన్నట్టుండి నా భుజం తట్టాడు. "మేడమ్, ముసలాయన్ను సూడండ్రి. ఏడేండ్ల సంది తోలుకొస్తున్న, ఆయన ఎన్నడు కుమ్మలె." నాకు అప్పుడు విషయం తట్టింది. కర్ర కొమ్ముకు ఎద్దు కొమ్ము తగిలితే శబ్దమే పట్టిచ్చేస్తుంది. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆయన ఆ శబ్దం రాకుండా ఆడాడు.

ఇప్పుడు వీధి మధ్యలో భీమయ్యకు ఎదురుగా వెళ్ళి తల వంచాడు. భీమయ్య నిటారుగా నిలబడే ఉన్నాడు. చుట్టూ డోళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ముసలాయన వంచిన తల ఎత్తలేదు. అప్పుడు భీమయ్య కూడా వంగాడు. ఇద్దరూ ఢీకొన్నారు. టక్కుమని, కట్టె కొట్టినప్పుడు వచ్చే చప్పుడు. రెండోసారి ఢీకొన్నప్పుడు జోగయ్య కుడి కొమ్ము చివర ఇత్తడి తొడుగుతో సహా విరిగి రోడ్డు మీద పడింది. జనం అయ్యో అన్నారు. జోగయ్య బిగుసుకుపోయాడు. విరిగిన చోట లోపలి కర్ర నలుగురికీ కనబడుతోంది.

భీమయ్య వంగి ఆ ముక్క తీసి, తుడిచి, తన నడుముకు చుట్టిన పంచెలో దోపుకున్నాడు. "ఇరిగితే ఏమాయె మామా" అన్నాడు, డోళ్ళ మీదుగా వినబడేలా. "మల్ల చెక్కుకుందం." అని మళ్ళీ తల వంచాడు.

చీకటి పడే వేళకు స్వామి హంస వాహనం మీద గోదావరిలో విహరించాడు, బాణసంచా కాల్చారు, ఘాట్ మెట్ల మీద వేలమంది చేతులెత్తారు. నేనూ ఎత్తాను, మొక్కడానికో, బతికిపోయానన్న ఊపిరికో తెలియదు. ఏడింటికి సారపాకకు షేర్ ఆటో, ఐదు రూపాయలు. ఉత్తర ద్వార దర్శనం మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి. దానికి వెళ్ళేవాళ్ళు మూడింటికే వరుసలో నిలబడాలి. నేను వెళ్ళలేదు, నిద్ర లేవలేకపోయాను. ఆ రాత్రి ఘాట్ నుంచి బయలుదేరే ముందే బుచ్చమ్మను అడిగాను, ఇది రాయవచ్చా అని. "ఊరి పేరు పెట్టకు. మా నాయిన జేసింది మాత్రం రాయి" అంది.

అంతా బాగానే ముగిసింది కదా అని సుజాత అంది. ముగిసింది, అందులో నా గొప్ప ఏమీ లేదు. అవి నిజంగా అడవిదున్న కొమ్ములే అయి ఉంటే ఈ రోజు ఒక ముసలాయన నా మూలాన కోర్టు మెట్లు ఎక్కుతూ ఉండేవాడు, నేను ఇక్కడ కూర్చుని చట్టం గురించి పాఠం చెబుతూ ఉండేదాన్ని. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. వాళ్ళ సొత్తును నేను పొగిడాననుకున్నాను గానీ, నాకు ఒక పూట కిందటే తెలిసిన సంగతిని నాదే అన్నట్టు చాటాను. బిడ్డ మీద మాట పడకూడదని ఒక మనిషి ఇరవయ్యొక్క ఏళ్ళు తన మాటను అదుపులో పెట్టుకున్నాడు. నేను అర నిమిషం పెట్టుకోలేకపోయాను.

ముక్కోటికి వెళ్ళేవాళ్ళకు నేనివ్వగల సలహా ఒక్కటే. స్వెట్టరు తీసుకెళ్ళండి, గది ముందే చూసుకోండి అని ఎవరైనా చెబుతారు. మీరు ఎవరి బండిలోనైనా ఎక్కి వెళ్తున్నప్పుడు దారిలో గేటు పడి, ఆ సామాను ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ సామాను ఎవరిదో వాళ్ళనే చెప్పనివ్వండి.